నాలుగో తరగతి ఈత పరీక్ష

మా ఊరి బడి కింద ఉన్న ఈతకొలనుకి కాంక్రీటు కలిపినవాళ్ళలో నేనొకణ్ణి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, ఇప్పుడు డెబ్భై. మధ్యలో ఉన్న నలభై ఏడేళ్ళలో ఆ నీళ్ళలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. పెట్టలేదని గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను కూడా.

మాది నార్వే ఉత్తర తీరంలో చేపల మీద బతికే ఊరు. మా నాన్నకి ఈత రాదు, మా తాతకి రాదు. రాకపోవడం కాదు, నేర్చుకోరు. "ఈత వచ్చినవాడికి చావడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే తేడా" అనేవాడు మా నాన్న. గడ్డకట్టే నీళ్ళలో, బరువు బూట్లతో, ఒడ్డుకి మైళ్ళ దూరంలో పడినవాడి విషయంలో ఆ మాట నిజమేనేమో. కానీ మా తమ్ముడు ఎద్విన్ పడింది మైళ్ళ దూరంలో కాదు. రేవుకి ఇరవై మీటర్లు. జూన్ నెల, మిట్టమధ్యాహ్నం. తాడు విసరబోయి పడవ అంచు మీంచి జారాడు. రేవు మీద పదకొండుమందిమి ఉన్నాం. ఒక్కడికీ ఈత రాదు. తాడు రెండుసార్లు విసిరాం. మూడోసారి విసరడానికి అక్కడ వాడు లేడు.

వాణ్ణి పాతిపెట్టి వచ్చాక అందరూ కాఫీ తాగింది బడి భోజనాల గదిలోనే. మా ఊళ్ళో పెళ్ళైనా, చావైనా, ఓట్లైనా, రక్తదానమైనా అక్కడే. అంత పెద్ద గది ఇంకోటి లేదు. ఆ రోజు అప్పటి హెడ్‌మాస్టరు లేచి, "రేవు కనబడేంత దూరంలో ఈ ఊరి పిల్ల ఒక్కటి కూడా ఇక మునిగిపోకూడదు" అని, ఇంకేం అనకుండా కూర్చున్నాడు. మరుసటి ఏడు బడికి కొత్త జిమ్ కడుతుంటే దాని కింద గొయ్యి తవ్వాం. అంతా శ్రమదానమే. శనివారం వస్తే చాలు, తినడానికి వాఫుల్ అట్లు మోసేవాళ్ళు కొందరు, రాళ్ళు మోసేవాళ్ళు కొందరు. తమ్ముడి దుఃఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను ఇద్దరి పని చేశాను. పన్నెండున్నర మీటర్ల పొడుగు కొలను. ఒకవైపు నడుం లోతు, రెండోవైపు తల మునిగే లోతు. ప్రారంభం రోజున ఊరంతా దిగింది. నేను కోటు గుండీలన్నీ పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. దిగరా అంటే, "కట్టాను కదా, చాలదా?" అన్నాను.

కిందటి ఆగస్టులో మా మనవరాలు విల్దేకి తొమ్మిదేళ్ళు నిండాయి. ఆ పిల్ల నా ప్రాణం. నా పడవ ఇంజను చప్పుడు కొండ అవతల ఉండగానే గుర్తుపట్టి రేవుకి పరిగెత్తుకొస్తుంది. నన్ను మా నాన్న తొమ్మిదేళ్ళకి పడవెక్కించాడు. దాన్ని నేను ఎక్కించాలనుకున్నాను. నా మోకాళ్ళు ఇంకో మూడు నాలుగేళ్ళు పడవెక్కనిస్తాయేమో. ఆ నాలుగు వేసవులూ దానితో గడపాలి. గాలానికి ముడి ఎలా వెయ్యాలో, పెద్ద కాడ్ చేప ఏ రాయి కింద పడుకుంటుందో చెప్పాలి. అంతకుమించి నాకిక కోరికల్లేవు.

మా అమ్మాయి టోరున్ ఒప్పుకోలేదు.

"లైఫ్ జాకెట్ వేస్తానే" అన్నాను.

"దానికి వేస్తావు. నువ్వు వేసుకుంటావా?"

"నేనెందుకు పడతాను? అరవై ఏళ్ళ నుంచి..."

"ఎద్విన్ బాబాయ్ కూడా అదే అనుకుని ఉంటాడు." తను పుట్టకముందే పోయిన మనిషి పేరు ఎత్తింది. టోరున్ ఆగలేదు. "నువ్వు పడితే విల్దే చూస్తూ కూర్చోవాలా? ఇద్దరూ పడ్డారనుకో, రేవు మీద నిలబడి చూడ్డం తప్ప నేనేం చెయ్యగలను నాన్నా? చెప్పు."

చెప్పడానికేం లేదు కాబట్టి గట్టిగా అరిచాను. నాకదో అలవాటు. నేను అరవడం అయ్యేదాకా ఆగి అంది:

"సరే, విను. ఏప్రిల్లో విల్దే క్లాసుకి ఈత పరీక్ష ఉంది. అది పాసవ్వాలి, నువ్వూ పాసవ్వాలి. అదే పరీక్ష, అదే కొలను. పాసైతే పడవ. లేదా, మళ్ళీ నా దగ్గర ఆ మాటెత్తకు."

"డెబ్భై ఏళ్ళ ముసలాణ్ణి నాలుగో తరగతి పరీక్ష రాయమంటావా?"

"రాయక్కర్లేదు. ఈదితే చాలు."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మా అమ్మాయి. ఎవరి పోలికో అడక్కండి.

విల్దే మాత్రం అప్పటికే అంతా ఆలోచించి పెట్టుకుంది. "తాతా, పెద్దవాళ్ళకి మంగళవారం ఐదింటికి. నా తేలే పలక నీకిస్తాలే. సీల్ జంతువు బొమ్మ ఉంటుంది, అదే. భయమేస్తే గట్టిగా పట్టుకో. కొరకొద్దు, ఏం?"

"నేనెందుకు కొరుకుతానే?"

"నేను కొరికాను."

అలా సెప్టెంబరు మొదటి మంగళవారం, నలభై ఏడేళ్ళ తర్వాత, బడి కిందికి పదకొండు మెట్లు దిగాను. అక్కడ ముందు స్నానం చెయ్యాలి, బట్టల్లేకుండా, సబ్బుతో. ఒంట్లో ఎక్కడెక్కడ రుద్దుకోవాలో గోడ మీద బొమ్మ కూడా ఉంది. నా పక్కన షవర్ జల్లు కింద పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మగ్నార్ నిలబడి ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ నోటిదురద ఉన్న మనిషి.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా, హిల్మార్?" అన్నాడు, వీపు రుద్దుకుంటూ.

"మాను వంగక్కర్లేదురా. తేలితే చాలు."

అన్నానే గానీ తేలలేదు. నడుం లోతు నీళ్ళలో రెండు చేతులా గట్టు పట్టుకుని ముప్పావు గంట నిలబడ్డాను. అవతలి వైపు ముసలమ్మలు పాట పెట్టుకుని చేతులూ కాళ్ళూ ఆడిస్తూ వ్యాయామం చేస్తున్నారు. మా చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడైతే, ఎనభై ఆరేళ్ళు, వెల్లకిలా పడుకుని నా పక్కనుంచి తేలుకుంటూ పోయింది. పోతూ పోతూ నాకు నమస్కారం కూడా పెట్టింది.

నేర్పేది సోల్‌ఫ్రిద్. బడిలో ఆటల టీచరు, మా టోరున్‌తో కలిసి చదువుకున్న పిల్ల. పగలంతా పిల్లల్ని ఈదిస్తుంది, మంగళవారం సాయంత్రం మమ్మల్ని. చెయ్యమని తనకెవరూ చెప్పలేదు. ఎందుకు చేస్తున్నావని అడిగితే, "తాళాలు నా దగ్గరున్నాయి, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, ఊరికే ఎందుకు పోనివ్వడం?" అంది.

క్రిస్మస్ నాటికి పలక పట్టుకుని అటు నుంచి ఇటు రాగలిగాను. కానీ ముఖం నీళ్ళలో పెట్టడం మాత్రం నా వల్ల కాలేదు. పెడితే చాలు, కింద నుంచి రేవు కనబడేది. రేవు మీద పదకొండు జతల బూట్లు కనబడేవి. ఎద్విన్ చివరగా చూసింది అదే కదా అనిపించేది. దగ్గుకుంటూ పైకి లేచేవాణ్ణి. సోల్‌ఫ్రిద్ ఏమీ అడగలేదు. ఒకరోజు మాత్రం, "నీళ్ళలోకి పాట పాడు హిల్మార్. పాడుతుంటే ఊపిరి బయటికే పోతుంది, నీళ్ళు లోపలికి రావు. పిల్లలంతా అలాగే నేర్చుకుంటారు" అంది.

"నాకు పాటలు రావు."

"ఏదొస్తే అది పాడు."

నాకొచ్చింది నా పడవ ఇంజను చప్పుడొక్కటే. దుగ్ దుగ్ దుగ్ దుగ్ అనుకుంటూ ముఖం ముంచాను. మగ్నార్ నవ్వి నవ్వి గట్టుకి కొట్టుకున్నాడు. కానీ ఆ రోజు తొమ్మిది దుగ్గుల దాకా నీళ్ళ కింద ఉన్నాను.

జనవరిలో పెద్ద గాలివాన వచ్చింది. కరెంటు తీగలు తెగిపోయాయి, రోడ్డు మూసేశారు. బడిలో జనరేటరు ఉంది. అందుకని ఊరు ఊరంతా దుప్పట్లు, కుక్కలు, మందుల డబ్బాలతో బడిలో చేరింది. మంచం పట్టినవాళ్ళకి జిమ్ పరుపులు వేశారు. పసిపిల్లల్ని లైబ్రరీలో పడుకోబెట్టారు. వడ్రంగి గదిలో మగవాళ్ళు విరిగిన కిటికీలకి చెక్కలు కోస్తున్నారు. నాకు భోజనాల గదిలో ఒక మూల దొరికింది. అక్కడ కూర్చుని చుట్టూ చూస్తే నాకు ఎప్పుడూ రాని ఆలోచన వచ్చింది. మా రాళ్ళు, మా కాంక్రీటు, మా శనివారాలు అని ఇన్నేళ్ళూ గొప్పలు పోయాను. ఇంతమందిని ఇంత వెచ్చగా ఉంచుతోంది ఈ బడి. నేను దీనికిచ్చినది కొంచెం, ఇది నాకిచ్చింది కొండంత. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఉల్లిపాయలు తరుగుతున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడే విల్దే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని గుంజుతోంది. "రా అమ్మా, కిందికి రా, కొలను చూపిస్తా. తాత ఎక్కడి దాకా ఈదాడో చూపిస్తా."

"వద్దు విల్దే. నాకు పనుంది" అంది టోరున్. పనేం లేదు. ముఖం పాలిపోయి ఉంది. చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయింది.

నేను వంటగదిలో సోల్‌ఫ్రిద్ పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ అడిగాను. "ఇదేంటి? నా చేత ఈదిస్తుంది, చూడ్డానికి ఒక్కసారి రాదు. నా మీద ఇంకా కోపమా?"

సోల్‌ఫ్రిద్ చేతిలో ఉన్న దుంప పూర్తిగా చెక్కి గిన్నెలో వేసింది. తర్వాత అంది: "తను ఎప్పుడూ ఆ మెట్లు దిగలేదు హిల్మార్. మేమంతా కొలనులో ఉంటే తను లైబ్రరీలో కూర్చునేది. నువ్వు చీటీలు రాసిచ్చేవాడివి కదా."

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

రాసిచ్చాను. ప్రతి ఆగస్టులో, బడి తెరిచిన వారంలో, నా చేత్తో రాసిచ్చాను. "టోరున్ చెవులు బాగుండవు. నీళ్ళలో దించకండి." దాని చెవులకేం రోగం లేదు. మెట్ల మీద పిల్లి నడిస్తే వినబడే చెవులవి. ఎందుకు పిల్లకి లేని రోగం అంటగడతావని మా ఆవిడ పోట్లాడింది, నేను వినలేదు. ఎద్విన్‌ని మింగిన నీళ్ళు వేరు, కొలను నీళ్ళు వేరు అని నా బుర్రకి ఎక్కలేదు. నా తమ్ముడు మునిగాడని ఊరంతా కలిసి ఊరి పిల్లలందరికీ కొలను కట్టింది. దాన్లో దిగకుండా పెరిగిన పిల్ల ఒక్కతే, నా పిల్ల.

రేవు మీద నిలబడి చూడ్డం తప్ప నేనేం చెయ్యగలను అని ఆగస్టులో తను అన్న మాట అప్పుడర్థమైంది. అది నా మీద కోపం కాదు. తనకి ఈత రాదు. రాకుండా చేసింది నేను.

ఆ రోజే వెళ్ళి క్షమించమని అడగాల్సింది. నోరు రాలేదు. మాటలకి ముందు ఆ పరీక్ష పాసై చూపించాలి, వట్టి చేతులతో వెళ్ళకూడదు అనుకున్నాను. ఆ తర్వాత ఒక్క మంగళవారం కూడా మానలేదు. మగ్నార్ కూడా వేళాకోళం మానేసి, నా పక్కనే ఈదుతూ, "కాళ్ళు కప్పలా, కప్పలా" అని అరిచేవాడు.

ఏప్రిల్ పదహారున నాలుగో తరగతి పిల్లలు పద్నాలుగుమందీ, నేనూ వరసగా బెంచీ మీద కూర్చున్నాం. పరీక్ష ఇదీ: లోతువైపు నీళ్ళలోకి పడాలి. దూకడం కాదు, పడాలి. బోర్లా వంద మీటర్లు, అంటే అటూ ఇటూ కలిపి ఎనిమిది సార్లు. మధ్యలో మునిగి అడుగున ఉన్న రింగు తియ్యాలి. మూడు నిమిషాలు కదలకుండా తేలాలి. తర్వాత వెల్లకిలా ఇంకో వంద. విల్దే మూడో పేరు. చేపపిల్లలా వెళ్ళి వచ్చింది. వచ్చి తువ్వాలు కప్పుకుని నా పక్కన కూర్చుని, "తాతా, రింగు దగ్గర తొందరపడకు" అంది.

అందరికన్నా చివర నన్ను పిలిచారు. పడ్డాను. అటూ ఇటూ కలిపి నాలుగు సార్లు వెళ్ళాను, కప్పలా. రింగు దగ్గరికొచ్చాను, మునిగాను, సగంలోనే బూట్లు కనబడ్డాయి. వట్టి చేతులతో పైకొచ్చి గట్టు పట్టుకోబోయి, పట్టుకుంటే పరీక్ష పోతుందని గుర్తొచ్చి ఆగాను. బెంచీ మీద విల్దే తువ్వాలు అంచు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది.

"ఇంకోసారి చెయ్యొచ్చు" అంది సోల్‌ఫ్రిద్, ఏదో సంగతి చెప్తున్నంత మామూలుగా.

దుగ్ దుగ్ అనుకుంటూ మళ్ళీ మునిగాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. తెరిచే ఉంచి కిందికి చూశాను. అడుగున పరిచిన నీలం పలకలున్నాయి. ఎర్ర రింగు ఉంది. దాని పక్కన ఎవరో పిల్ల జుట్టు రబ్బరు పడి ఉంది. అంతే. అక్కడ ఎద్విన్ లేడు. ఎప్పుడూ లేడు. వాడికి జరిగినది ఇంకెవరికీ జరక్కుండా ఊరు కట్టిన చోటది. వాడి పేరు చెప్పుకుని నేనే ఇన్నేళ్ళూ దూరంగా నిలబడ్డాను. రింగు పట్టుకుని పైకొచ్చాను.

మిగతాది ఎలా ఈదానో నాకు సరిగ్గా గుర్తులేదు. తల ప్రాణం తోకకొచ్చింది. నిచ్చెన ఎక్కి పైకొచ్చేసరికి పిల్లలంతా బెంచీ కింద నేలని మడమలతో దబదబా బాదుతున్నారు. సోల్‌ఫ్రిద్ జాబితాలో నా పేరుకెదురుగా టిక్కు పెట్టింది. విల్దే నా తడి పొట్టని చుట్టేసుకుంది.

తల తిప్పి చూస్తే మెట్ల దగ్గర టోరున్ ఉంది. కోటు తియ్యలేదు. ఒక చెయ్యి గోడని పట్టుకునే ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత చూసిందో తెలీదు.

తువ్వాలు కూడా తీసుకోకుండా వెళ్ళాను. ఇంకో నిమిషం ఆగితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు.

"నీ చెవులకేం లేదు టోరున్. ఎప్పుడూ ఏం లేదు. నాకే భయం. నా భయానికి నీ పేరు పెట్టి చీటీలు రాశాను. తప్పు చేశాను. నన్ను క్షమించు."

నా ఒంటి మీంచి నీళ్ళు కారి తన బూట్ల చుట్టూ మడుగు కట్టాయి.

"తెలుసు నాన్నా. నా చెవులు బాగానే వినబడతాయని నాకు తెలీదా?" అంది. "తొమ్మిదేళ్ళు. లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను. చేపల రోగాల మీద ఒకటుంది, అది కూడా."

నేను నవ్వబోయి ఏడ్చాను. తను కూడా ఏడ్చింది. మా ఊళ్ళో నలుగురిలో ఏడవడం అలవాటు లేదు. అందుకే పిల్లలంతా మర్యాదగా కొలను వైపు తిరిగి నిలబడ్డారు.

"శనివారం విల్దేని తీసుకెళ్ళు" అంది, ముక్కు తుడుచుకుంటూ. "మాటంటే మాటే."

"తీసుకెళ్తాను. నువ్వు మంగళవారం రా."

తను గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళింది.

శనివారం నేనూ విల్దే వెళ్ళాం. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు. విల్దే మొదటి అరగంటలోనే నాలుగు కిలోల కాడ్ లాగింది. లాగినప్పుడు అది వేసిన కేక గురించి వేరే కథ చెప్పాలి. రేవు మీద టోరున్ ఉంది. మేం వెళ్ళినప్పుడు ఎక్కడుందో, వచ్చేసరికి అక్కడే ఉంది.

మంగళవారం ఐదింటికి వచ్చింది. నలభై మూడేళ్ళ మనిషి, కొత్త ఈత దుస్తులు, మెడ దగ్గర ధర చీటీ కూడా తియ్యలేదు. నడుం లోతులో రెండు చేతులా గట్టు పట్టుకుని నిలబడింది. ముసలమ్మలు పాట పెట్టుకున్నారు. ఆర్గన్ ఆవిడ తేలుకుంటూ పోతూ నమస్కారం పెట్టింది. మగ్నార్ ఏదో అనబోయి నా ముఖం చూసి మానేశాడు. సోల్‌ఫ్రిద్ నేర్పడానికి ముందుకి రాలేదు. అవతలి వైపు తాళ్ళేవో సర్దుకుంటూ ఉండిపోయింది. నాకే వదిలేసిందని అర్థమైంది. ఆ పిల్లకి, ఆ తాళాలు తనకిచ్చిన బడికి, గొయ్యి తవ్వినప్పటి ప్రతి మనిషికీ మనసులో దండం పెట్టుకున్నాను. వాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు.

"వెల్లకిలా పడుకో. తల నా భుజానికి ఆనించు. కింద చెయ్యి పెడతాను" అన్నాను.

"వదలవు కదా?"

"చెప్పకుండా వదలను."

పడుకుంది. చంటిపిల్లప్పుడు స్నానం చేయించినట్టు వీపు కింద అరచెయ్యి పెట్టాను. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయి ఉంది. ఊపిరి వదులు, వదులు అంటూ ఉన్నాను. కొంతసేపటికి భుజాలు దిగాయి. తర్వాత మెడ. తర్వాత నీళ్ళు తనని ఎత్తుకున్నాయి. అరచేతి మీద బరువు తేలికై, లేకుండా పోయింది.

"టోరున్, వదులుతున్నాను" అన్నాను. చెయ్యి తీశాను.

మునగలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని, అలా ఉండిపోయింది. కాసేపటికి కళ్ళు తెరవకుండానే అడిగింది.

"నాన్నా, నీ పడవలో ముగ్గురు పడతారా?"

"పడతారు" అన్నాను. "ముందు మూడు నిమిషాలు తేలు."